హాంకాంగ్‌లో తొమ్మిది గంటలు

బటాంగ్ బెర్జుంటై
12 సెప్టెంబరు 1957, గురువారం. తెల్లవారిందగ్గర్నుంచి ముసురు. వంటింటి వెనక కాలువలో ఆకులు తీశాను.

చిరంజీవి రత్నావతికి నాన్న దీవెనలు. మీ అమ్మ మోకాలి నొప్పి తప్ప ఇక్కడ అందరం కులాసా. సింగపూరులో నువ్వూ అత్తయ్యా అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. టోక్యోలో నర్సింగు శిక్షణ గురించి నాకు బెంగ లేదు. దారిలో హాంకాంగ్‌లో విమానం మారడమే గాబరా. నిన్న బస్సెక్కి బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళి టికెట్ల ఏజెంటును అడిగాను. పెట్టెకు సింగపూరులోనే టోక్యో చీటీ కట్టించు. అప్పుడు మధ్యలో మోయనక్కర్లేదు. టీకాల కార్డు మాత్రం పెట్టెలో పెట్టకు, చేతిసంచిలో ఉండాలి. దిగగానే గడియారం ముల్లు తిప్పుకో. రెండో విమానం ఎక్కే చోటు కళ్ళారా చూశాకే ఇంకెక్కడికైనా కదులు.

"సీనావోళ్ళ ఊర్లో పిల్ల ఏటి తింటాది? మురుకులట్టుకెళ్ళమని రాయండి లా!" అంటోంది మీ అమ్మ, మాట చివర ఈ దేశపు 'లా' తగిలించి. విమానంలో అన్నం పెడతారన్నాను. "మీరెప్పుడెక్కినారేటి?" అంది.

తొమ్మిది గంటలూ అక్కడే కూర్చోవాలా, బయటికి వెళ్ళొచ్చా అని అడిగావు. వెళ్ళొచ్చట. ఈ ఒక్క జవాబు రాయడానికి ఇప్పటికి మూడుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నాను.

మన రబ్బరు ఎస్టేటు గేటు ఎదుట కొట్టు పెట్టిన చీనా షావుకారు, అహ్ లోక్ తౌకే గుర్తున్నాడా? నీ పదమూడో ఏట టైఫాయిడ్ వచ్చింది. పాలు తప్ప ఏదీ నీ కడుపులో నిలిచేది కాదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని, నిలవ ఉండకుండా ప్రతి డబ్బాకూ చిల్లు పెట్టి అమ్మాలని అప్పటి సర్కారు ఆర్డరు. చిల్లు పెట్టిన పాల డబ్బాకు ఇల్లు చేరేలోపే చీమలు పట్టేవి. చిల్లు లేకుండా ఒకటిమ్మని బతిమాలాను. గుమాస్తాను కదా, అందరిలాగే అతనూ నన్ను కేరానీ అనేవాడు.

"డబ్బాకి చిల్లు లేకపోతే నా కొట్టుకి చిల్లు లా, కేరానీ," అని నవ్వాడు. ఇచ్చాడు.

గేటు దగ్గర పోలీసుల సోదాలో డబ్బా దొరికింది. "తౌకే మరిచిపోయినట్టున్నాడు" అన్నాను. నేనే అడిగానని అనలేదు. నన్ను వదిలేశారు. అతన్ని తీసుకుపోయారు. కొన్ని నెలలకు చైనా ఓడ ఎక్కించారు. సొంత ఊరికి వెళ్ళిపోయాడని నీకు చెప్పింది నేనే. ఆనాటి నా డైరీలో "ఎండ. పాల డబ్బా పోయింది" అని మాత్రమే ఉంది.

అతని చెల్లెలు ఇక్కడే, సర్కారు చీనావాళ్ళను తరలించి ముళ్ళకంచె కట్టిన కొత్త గ్రామంలో ఉంది. అతను చైనానుంచి ఎలాగో బయటపడి ఇప్పుడు హాంకాంగ్‌లో, విమానాశ్రయానికి దగ్గరలోనే బిస్కట్ల కొట్టు నడుపుతున్నాడట. పోయిన వారం ఆమె చీనా అక్షరాల్లో చిరునామా రాసిచ్చింది. ఇందులో పెట్టాను, టాక్సీవాడికి చూపించు. గంటకు మించి ఉండకు. డబ్బా నేనడిగిందేనని ఆ రోజు గేటు దగ్గర నేను ఒప్పుకోలేదని చెప్పు. తలుపు వేసేస్తే మారు మాట్లాడకుండా వచ్చెయ్యి. నేను మొయ్యాల్సింది నీ నెత్తిన పెడుతున్నానని తెలుసు. ఇష్టం లేకపోతే వెళ్ళకు, ఎందుకు వెళ్ళలేదని అడగను.

ఒక్క మాట. ఓడ దిగాక రాసిన మొదటి ఉత్తరంలో, కేరానీ పిల్ల బతికిందా అని అడిగాడట. మనింటికి వచ్చి నీ సంగతి అడగడానికి ఆమెకు మనసొప్పక, ఆ మాటకు ఇన్నేళ్ళూ జవాబు రాయలేదట. నువ్వు వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడితే చాలు.

వాన తగ్గలేదు. ఇవాళ్టి డైరీలో ముసురు, కాలువ అని రాశాను. ఈ ఉత్తరం సంగతి ఇంకా రాయలేదు.

ఇట్లు,
నాన్న