చిమ్నీ మీది సిలువ

పార్సిప్పనీ,
నవంబరు 1983

ఏవండీ,

ఆ ఇంట్లోకి విషం పంపింది మీరే. కావాలని పంపలేదు, చూడకుండా పంపారు. చిన్నపిల్ల ఊపిరికి ఆ రెండింటికీ తేడా తెలియదు. ముందు ఈ మాట చదివి, ఆ తరువాత నా వందనాలు అందుకోండి.

ప్రభువు కృప వలన నేనూ నవోమీ క్షేమం. వంతెన పని మీద ఫ్రీమాంట్‌లో ఉన్న మీరూ క్షేమమే అనుకుంటాను. అక్కడ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు రాత్రీ పగలూ మండక్కర్లేదు కదా.

మీరు అడిగినవాటికి జవాబులు. కారుకి మంచు టైర్లు వేయించాను. నవోమి డ్రైవింగ్ టెస్ట్ పాసయింది, నాకంటే నెమ్మదిగా నడుపుతుంది. ఇక మూడోది. సాక్ష్యాల సమయంలో నేను సంఘం మీద కేకలు వేశానని సెక్రటరీ రత్నరాజు గారు మీకు ఫోన్ చేశారట, ఏమిటా గొడవ అని రాశారు. నేను కేకలు వేయలేదు. సాక్ష్యమే చెప్పాను.

ఆ ఆదివారం పాస్టర్ సామ్యూల్ గారు లేచి, వారమంతా ఇంట్లో అందరికీ తలపోటనీ, పాపకి వాంతులనీ, ఆరాధనకి వచ్చి కూర్చోగానే అంతా తేలికైపోయిందనీ చెప్పి దేవుణ్ణి స్తుతించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇన్నేళ్ళుగా ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తున్నదాన్ని. ఇంట్లో ఉంటే వచ్చి, బయటికొస్తే పోయే తలనొప్పి ఫర్నేసు పొగలోని విషవాయువుదని నాకు తెలుసు. లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఇక్కడ పొగ లేదు గనక తగ్గింది. మీ ఇంటి చిమ్నీ పూడుకుపోయి ఉంటుంది. ఇవాళ ఆ ఇంట్లో పడుకోకండి."

అంతే. కేకలంటే ఇవేనా?

తరువాత టీ దగ్గర రత్నరాజు గారు నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు: "సిస్టర్, ఆ చిమ్నీ డిజైన్ చేసింది మీవారే కదా. ఆయన స్ప్రింగ్‌లో రానీండి. అందాకా విండో కొంచెం ఓపెన్ చేసుకుంటారు." నవంబరులో, పాలు తాగే పిల్ల ఉన్న గదిలో.

పాస్టరమ్మ దేవకుమారి కప్పులు కడుగుతూ చెప్పింది. "నాకు ముందునుంచీ డౌటుగానే ఉందక్కా. ఇల్లు ఫ్రీగా ఇచ్చాం, మళ్ళీ కంప్లెయింటా అంటారని నోరెత్తలేదు."

దీని మీదేనండీ నా కోపం. ఉచితం అన్న ఒక్క మాటతో మనుషుల నోరు కుట్టేస్తాం, వాళ్ళు మాట్లాడకపోతే తృప్తిగా ఉన్నారనుకుంటాం. జీతం తక్కువిచ్చి ఇల్లు ఇవ్వడం ఉచితం ఎలా అవుతుంది? ఊళ్ళో దొరలు చేస్తే దోపిడీ అని మీరే ఉపన్యాసాలు ఇచ్చారు. సంఘం చేస్తే దానికి ప్రేమ అని పేరు పెట్టారు.

ఆ రోజే వాళ్ళని మనింటికి తీసుకొచ్చాను. మీ గదిలో ఉన్నారు. పాపని హాస్పిటల్‌లో చూపించాను, కోలుకుంది. మర్నాడు ఫర్నేసు మనిషి వచ్చి దాన్ని ఆపేసి వెళ్ళాడు. చిమ్నీ గొట్టంలో అడుగున పెంకుముక్కలు, ఇటుకపొడి అడ్డంగా పడి ఉన్నాయట. కమిటీ అది ఊడ్పించి, ఇక బాగైపోయింది, వచ్చే ఆదివారానికల్లా పాస్టరుగారు తిరిగి ఇంట్లో చేరాలని తీర్మానించింది. పైనుంచి ఎందుకు పడిందో ఒక్కరూ అడగలేదు. పాస్టరుగారు కూడా పెట్టె సర్దుతున్నారు.

మీ ప్యాంటు తొడుక్కుని నేనే నిచ్చెన ఎక్కాను. లైబ్రరీ పుస్తకంలో చదివినదాన్ని కళ్ళతో చూశాను. ఇటుకల పైన మూతలా వేసే సిమెంటు పలక ఉంటుందే, ఇక్కడి వాళ్ళు దాన్ని చిమ్నీ క్రౌన్ అంటారు. అది పొగ పోయే మట్టి గొట్టం దగ్గర ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉండాలి. గోడ దాటి బయటికి చూరులా రావాలి, నీళ్ళు ఇటుకల మీద కారకుండా కింద పడాలి. ఆ గొట్టం వేడికి సాగుతుంది కనుక దాని చుట్టూ సందు వదిలి, సాగే మెత్తని పూతతో మూయాలి. ఏటా చలికాలం ముందు ఎవరో ఒకరు ఎక్కి చూడాలి. ఇంతే విద్య.

మీరేం చేయించారు? భోజనాల బల్ల మీద బొమ్మ గీసి, బాపట్లలో మామయ్యగారు డాబా పిట్టగోడ మీద సిలువ నిలిపినట్టే ఇక్కడా నిలిపించారు. గోడకి సమంగా పూత. గొట్టానికి బిగుతుగా సిమెంటు. పలకలో ఇనుప కడ్డీ పాతి సిలువ. ఆరాధనకి అద్దె బేస్‌మెంటే గతి, సంఘానికంటూ ఉన్నది ఈ ఒక్క ఇల్లు, దారినపోయేవాళ్ళకి సిలువ కనిపించాలి అన్నారు. సరే. కానీ బాపట్లలో నీళ్ళు గడ్డకట్టవండీ. ఇక్కడ కడ్డీ తుప్పుపట్టి ఉబ్బింది, పలక పగిలింది, పగులులో దిగిన నీళ్ళు మంచై ఇంకా చీల్చాయి. గొట్టం పైభాగం పెచ్చులుగా లోపలికి రాలింది. మళ్ళీ రాలుతుంది. వంతెనలు కట్టే మీరు ఒక్కసారి కూడా పైకెక్కి చూడలేదు.

ఇప్పటిదాకా ఆపిన మాట ఇప్పుడు చెబుతాను. సిలువ తీసేశాను. మొన్న శనివారం, కమిటీ అనుమతి లేకుండా.

నవోమి కింద నిచ్చెన పట్టుకుని, "మమ్మీ, డాడీకి చెప్పి చేద్దాం, హీ విల్ బి సో మ్యాడ్" అంది. డాడీ కోపం పోస్టులో వస్తుంది, ఈ పొగ ఇప్పుడే వస్తుందన్నాను. ఊడబీకనక్కర్లేదు, రెండుసార్లు కదిలిస్తే చేతిలోకొచ్చింది. ఆ బొక్కలో నా వేలు పూర్తిగా దిగింది, లోపల తడి. దాని మీద మన ఇడ్లీగిన్నె మూత బోర్లించి ఇటుక పెట్టాను. సిలువని తుడిచి, దుప్పటి చుట్టి మన గరాజ్‌లో పడుకోబెట్టాను.

రత్నరాజు గారు ఇంటికొచ్చి, "సిలువని దించిన చేతులమ్మా ఇవి" అన్నారు. దేవకుమారి పాపని ఎత్తుకుని గడపలోకొచ్చింది. ఆమె గొంతెత్తడం నేను వినడం అదే మొదటిసారి. "ఆ చేతులే అంకుల్, నా బిడ్డని బయటికి తెచ్చింది." ఆయన టీ తాగకుండా వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారానికల్లా సిలువ పైన ఉండాలట, కుటుంబం కింద ఉండాలట. నా మాట వాళ్ళు వినరు. ఛైర్మన్ మీరు, ఇంజనీరు మీరు. మీ మాట వింటారు.

కనుక నాకు కావలసినవి:

ఇది అందగానే రత్నరాజు గారికి ఫోన్ చేసి, తప్పు మీ డిజైన్‌దని చెప్పండి. నా పేరు ఎత్తవద్దు.

కొత్త క్రౌన్ పోసి, గొట్టం మార్చి, ఫర్నేసు మనిషి సరేననేదాకా ఆ ఇంట్లోకి ఎవరినీ పంపవద్దు.

కొత్త బొమ్మ గీయండి. వాలు, చూరు, సందు ఉండాలి. అందులో సిలువ కోసం ఏ బొక్కా ఉండకూడదు.

సిలువని ఇంటి ముందు నేలలో నాటించండి. ఆ మాట కమిటీ ఒప్పుకునేదాకా అది నా దగ్గరే ఉంటుంది.

ఆ ఇంటి సంగతి తేల్చే కమిటీలో దేవకుమారిని కూర్చోబెట్టండి.

మీరు వచ్చిన రోజున, బట్టలు మార్చుకోక ముందే, ఆ నిచ్చెన ఎక్కండి. కింద నేను పట్టుకుంటాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ భార్య,
దెబోరా