బూరల తుపాకీకి వెనక పిన్ను

రావులపాలెం,
ఏప్రిల్ 14.

అప్పాజీ గారికి జీవరాజు వందనాలు.

ఇక్కడ నేను, మా ఆవిడ సంపూర్ణమ్మ క్షేమం. మీరు అమ్మిన తుపాకీ క్షేమంగా లేదు.

ఫోను చేద్దామంటే మీకు వినపడదు, నాకు గట్టిగా మాట్లాడ్డం రాదు. అందుకని కార్డు.

గాలి బూరలు కాల్చే ఆ తుపాకీలో తోలు వాషరు అరిగిపోయింది. గుండు బూర దాకా వెళ్ళి, దణ్ణం పెట్టి కింద పడుతోంది. వాషరు మార్చాలంటే తుపాకీ విప్పాలి. విప్పాలంటే రెండు పిన్నులు తియ్యాలి. ముందు పిన్ను వచ్చింది. వెనక పిన్ను మూడు రోజులుగా కదలడం లేదు.

మే నాలుగున ఇక్కడ వేసవి ఎగ్జిబిషన్ మొదలు. ఆ రోజు స్టాలు తెరవకపోతే మన జాగా జెయింట్ వీల్ వాళ్ళకి ఇచ్చేస్తారట. అరటితోట కాపలా మానేసి ఈ స్టాలు తీసుకున్నాను. ఈ వయసులో మళ్ళీ ఎవరూ కాపలాకి పెట్టుకోరు.

పిన్ను ఎలా వస్తుందో రాయండి.

ఇట్లు,
జీవరాజు

తా.క. ఈ ఉత్తరం మరీ మర్యాదగా ఉందని సంపూర్ణమ్మ అంటోంది. కోపంగా ఉన్నానని రాయమంది. ఉన్నాను.

సామర్లకోట,
ఏప్రిల్ 17.

తమ్ముడు జీవరాజుకి అప్పాజీ ఆశీస్సులు.

నీ కార్డు చేరింది. ఇరవై రెండేళ్ళు ఆ తుపాకీతో మీ రావులపాలెంలోనే స్టాలు నడిపాను. ఒక్కనాడూ వెనక పిన్ను జోలికి పోలేదు. నువ్వు కొని నెల కాలేదు, అప్పుడే దాని పొట్ట కోస్తానంటావేంటి?

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. పిన్ను చుట్టూ కొబ్బరినూనె పొయ్యి. కొబ్బరినూనెకి లొంగనిది మా వైపు ఏదీ లేదు. ఒక పూట నాననిచ్చి, ఎడం వైపు నుంచి సుత్తితో కొట్టు. భయపడకుండా కొట్టు. అప్పటికీ రాకపోతే దేవుడు వద్దంటున్నాడని వదిలెయ్యి.

అసలు గుండు బూర దాకా పోకపోతే బూరల్నే దగ్గరికి జరపొచ్చు కదా. బోర్డు జరిపితే పోయేదానికి తుపాకీ విప్పడమెందుకు?

నీ మేలు కోరే,
అప్పాజీ

తా.క. నాకు వినపడదని ఊరంతా చదివే కార్డు మీద రాస్తావా? పోస్టుమాన్ వీరబాబు అప్పట్నించీ నాతో అరిచి మాట్లాడుతున్నాడు. ఇకమీదట కవరు వాడు.

రావులపాలెం,
ఏప్రిల్ 20.

అప్పాజీ గారికి వందనాలు.

కవరే వాడాను. మీ ఆశీస్సులు అందాయి. మీరు నాకన్నా మూడు నెలలే పెద్ద.

కొబ్బరినూనె పోశాను. అది పిన్ను దగ్గర జిగురైంది. జిగురుకి చీమలు పట్టాయి. ఎడం వైపు నుంచి కొట్టాను. పిన్ను ఇంకా బిగుసుకుంది. మళ్ళీ కొట్టాను. సుత్తి తల ఊడి బహుమతుల్లో పడింది. స్టీలు గ్లాసు సొట్టపోయింది.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పిన్ను ఒక కొన లావు, ఒక కొన సన్నం. సన్నం వైపు నుంచి కొట్టాలి. సన్నం కుడి వైపు ఉంది. మీరు ఎడం అన్నారు. ఇరవై రెండేళ్ళు పట్టుకున్న తుపాకీకి ఏది కుడో ఏది ఎడమో తెలీదా అండి.

తప్పు పక్క కొట్టించారు. ఇప్పుడు ఏ పక్క నుంచీ కదలడం లేదు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. రాకపోతే లేతు షాపులో పిన్ను కోయించేస్తాను.

చాలా కోపంతో,
జీవరాజు

తా.క. బోర్డు దగ్గరికి జరిపి చూశాను. ఎదురింటి పిల్ల కాల్చకుండానే తుపాకీ గొట్టంతో బూర పొడిచేసింది.

సామర్లకోట,
ఏప్రిల్ 23.

మహారాజశ్రీ జీవరాజు గారికి,

కొయ్యొద్దు. లేతు వాడి చేతికి ఇవ్వొద్దు. అసలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. లోపల ఏమీ లేదు. ఒకవేళ ఏమైనా కనిపించినా అది ఏమీ కాదు. ముందే చెబుతున్నాను.

కుడీ ఎడమా తెలీదన్నారు. మీరు తుపాకీకి ఎదురుగా కూర్చుంటే నా ఎడమ మీకు కుడి అవుతుంది. తుపాకీకి ఎదురుగా కూర్చునే మనిషికి నేనేం చెప్పను?

చెడిపోయిన సరుకు అంటగట్టానని ఎవరి దగ్గరన్నా అన్నారో, మర్యాదగా ఉండదు.

ఇట్లు,
అప్పాజీ, రిటైర్డు బూరల స్టాలు

తా.క. కొత్త వాషరు వేస్తే గుండు గట్టిగా పోతుంది. గట్టిగా పోతే బూర పగులుతుంది. పగిలితే బహుమతి ఇవ్వాలి. ఇంత దూరం ఆలోచించారా?

రావులపాలెం,
మే 5.

అప్పాజీ గారికి,

పిన్ను వచ్చింది. లేతు షాపు అక్కర్లేకపోయింది.

ఉప్పు మూట వేడిచేసి, మోకాలికి పెట్టినట్టు, పిన్ను చుట్టూ ఇనుముకి కాపడం పెట్టాను. పిన్ను కొన మీద ఐసు ముక్క పెట్టాను. మొన అరగదీసిన మేకుతో కుడి వైపు నుంచి మెల్లగా తట్టాను. నాలుగో దెబ్బకి బయటికొచ్చింది. మీ సలహా ఒక్కటీ వాడలేదు, అందుకే వచ్చింది.

పిన్ను పక్కన మడిచిన రేకుముక్క ఒకటి దూర్చి ఉంది. బిగుసుకుంది దానివల్లే. తీసి డ్రైనులో పారేశాను. వాషరు మార్చి, బాగా తుడిచి బిగించాను.

నిన్న స్టాలు తెరిచాను. అంతా సెలవులకొచ్చిన పిల్లలు. కాల్చిన ప్రతి గుండుకీ బూర పగిలింది. పదకొండు గంటలకి గ్లాసులైపోయాయి. పన్నెండుకి సబ్బుపెట్టెలు. ఆఖరికి సొట్టపోయిన గ్లాసు కూడా పట్టుకుపోయారు. ఇలాగే ఇంకో వారం సాగితే స్టాలు ఉండదు. ఇరవై రెండేళ్ళు మీరెలా నడిపారు?

కోపం తగ్గని,
జీవరాజు

తా.క. మీరు కంగారుపడి రాసిన తీరు చూసి, లోపల బంగారం దాచారని సంపూర్ణమ్మ అనుకుంది. రేకు చూశాక రెండు రోజులు ఆవిడ నాతో కూడా మాట్లాడలేదు.

సామర్లకోట,
మే 8.

జీవరాజుకి,

ఆశీస్సులు లేవు.

డ్రైనులో పారేశావా. అది రేకుముక్క కాదయ్యా, ఇరవై రెండేళ్ళ నా అన్నం. బిస్కెట్ల డబ్బా మూత కత్తిరించి నా చేత్తో దూర్చాను. అది ఉంటే గొట్టం వెంట్రుకవాసి పక్కకి ఉంటుంది, గుండు బెత్తెడు ఎడమకి పోతుంది. బూరకీ బూరకీ మధ్య బెత్తెడు ఖాళీ పెట్టింది అందుకే. బూరని చూసి కాలిస్తే ఖాళీకి తగులుతుంది. పిన్ను రాకూడదనే ఎడం వైపు కొట్టమన్నాను. ఇప్పుడు అర్థమైందా?

తిన్నటి తుపాకీతో స్టాలు నడిపినవాడు ఈ జిల్లాల్లో లేడు. ఆదివారం నేనే వస్తున్నాను. పది గుండ్లు తీసుకుని, జనం ముందు పది బూరలూ పగలగొడతాను. అప్పుడన్నా సిగ్గుపడి ఇంకో రేకు కత్తిరిస్తావు.

అప్పాజీ

తా.క. ఉత్తరం చదివాక చింపెయ్యి. సంపూర్ణమ్మకి చూపించకు.

రావులపాలెం,
మే 12.

అప్పాజీ గారికి వందనాలు.

ముందే సంపూర్ణమ్మ చదివేసింది.

నిన్న మీరొచ్చారు. పది కాల్చారు. పదీ తప్పాయి. జనం నవ్వారు. టీ అయినా తాగకుండా బస్సెక్కేశారు. తుపాకీ మళ్ళీ చెడగొట్టానని నన్ను తిట్టారు కాబట్టి రాస్తున్నాను.

తుపాకీ తిన్నగానే ఉంది. మీ కన్నే పక్కకి పోయింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, మీరు పదిసార్లూ బూరకి కుడి పక్క ఖాళీనే గురిపెట్టారు. గుండు ఖాళీకే తగిలింది. బూరని చూసి కాల్చండి అని నేను అన్నాను. నలుగురిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. మీకు వినపడలేదు.

మీరొక్కరే కాదండి. శనివారం నుంచి అరటి మార్కెట్లో గెలలు మోసేవాళ్ళు వస్తున్నారు. అంతా మీ దగ్గర కాల్చిన పాత బేరాలే. అందరూ ఖాళీనే గురిపెడుతున్నారు. మీ రేకు సంగతి ఊరంతటికీ ఎప్పుడో తెలుసట, అరిగిన వాషరు వల్లే బూరలు బతికాయట. దాగిందనుకున్నది మీరొక్కరే.

అబద్ధం ఆడడం చేతకాక బోర్డు రాయించాను. 'తుపాకీ తిన్నగా ఉంది. బూరనే గురిపెట్టండి' అని. చదివి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, ఇంకాస్త పక్కకి కాలుస్తున్నారు. జెయింట్ వీల్ దగ్గరకన్నా మన దగ్గరే ఎక్కువ జనం. నిజం చెప్పి బతకొచ్చని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

రేకు పెట్టను. మీ మీద కోపం అలాగే ఉంది.

ఇట్లు,
జీవరాజు

తా.క. మీరు పదోది కాల్చినప్పుడు ఒక బూర పగిలింది. అది మీ గుండుకి కాదు. సంపూర్ణమ్మ మీ మీద కోపంతో దాన్ని మరీ గట్టిగా ఊదింది. మీరు బహుమతిగా పట్టుకెళ్ళిన దువ్వెన మాత్రం ఉంచుకోండి.