ముందుగదిలో మొక్కజొన్న కోత

ప్రియమైన దెసంకా,

ఇందుమూలంగా యావన్మంది బంధుమిత్రులకూ, ముఖ్యంగా ఆస్ట్రియాలో ఉన్న నా భార్యకూ తెలియజేయడమేమనగా: నిన్న సాయంత్రం మన ముందుగదిలో, పింగాణీ బీరువాకీ పొయ్యికీ మధ్యన, ఆవు ఈనింది. తల్లీ దూడా క్షేమం. తండ్రెవరో ఇంకా తెలియలేదు. నన్ను మాత్రం అనుమానించకు.

కంగారుపడి కుర్చీలో కూలబడకు. ఆవు టీవీలో ఉంది. ఫైర్ స్టేషన్ వాళ్ళ లక్కీ డ్రాలో నాకు రెండో బహుమతి వచ్చింది: కొత్త గేమ్ కన్సోల్, కంట్రోలర్లతో సహా. మొదటి బహుమతి పంది. ఎంత పందనుకున్నావ్! దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కళ్ళు తుడుచుకుని, ఈ డబ్బాని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇందులో వ్యవసాయం ఆట ఒకటుంది. దున్నుతాం, విత్తుతాం, కోళ్ళని మేపుతాం. రోజంతా జనాల బాత్రూముల్లో మోకాళ్ళ మీద టైల్సు అతికించే నాకు, కూర్చుని దున్నడమంటే స్వర్గంలా ఉంది. గేటు మీద పొలం పేరు రాయాలట. ఆ పేరు కొట్టి ఎవరైనా ఎక్కణ్ణుంచైనా లోపలికి రావచ్చట. "దెసంక తిట్లు" అని రాశాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు, భయపడి ఉంటారు.

ఫోన్ చేస్తే నవ్వించి మాట మారుస్తానని ఉత్తరాలే రాయమన్నావు కదా, రాస్తున్నా. నువ్వు చూసుకుంటున్న ముసలమ్మ ఇంటివాళ్ళు చలికాలం కూడా అక్కడే ఉండమని అడుగుతున్నారన్నావు. ఏం చెప్పావు? మన ఇంటి దేవుడి పండగ మిత్రోవ్‌దాన్ దగ్గరపడుతోంది. ఊరికే గుర్తుచేశా.

ఇట్లు,
ఒక ఆవుకీ, ఒక దూడకీ, ఒక భార్యకీ యజమాని (మూడోదానికి రుజువుల్లేవు),
వుకాశిన్

*

వుకాశిన్‌కి,

"ప్రియమైన" అని మొదలుపెట్టబోయి, ఆవు గుర్తొచ్చి ఆగిపోయాను.

పొద్దున్నే పక్కింటి స్తానియక్క ఫోన్ చేసింది. "మీ ఆయన పొలం కొన్నాడటగా, చెప్పనే లేదేమ్మా!" అంది. సారా దుకాణంలో కూర్చుని ఏం వాగావు? ఆవిడ ఆపకుండా, పన్ను ఎగ్గొట్టడానికే మేం దాచిపెట్టామని కూడా అంది.

ఇక్కడ హెర్మీనే ముసలమ్మ బానే ఉంది. ఆవిడ వేళ్ళు బిగుసుకుపోకుండా మనవరాలు తెచ్చిచ్చిన ఆట డబ్బా ఒకటుందనీ, సాయంత్రాలు పక్కన కూర్చుని నేనూ ఆడతాననీ వేసవిలోనే నీకు ఫోన్లో చెప్పాను. నువ్వు విన్లేదు. అప్పుడు పుచ్చకాయ తింటున్నావు, చప్పుడు ఇక్కడికి వినిపించింది.

చలికాలం మాటేమిటంటావా? ఆవిడ కూతురు నా జవాబు కోసం చూస్తోంది. ఉంటానంటే మళ్ళీ వసంతంలోనే ఇంటికి. నేనింకా ఏమీ చెప్పలేదు. నిజం చెప్పు, నేనొచ్చినా రాకపోయినా నీకు తేడా ఏముంది? దూడ ఉందిగా.

దెసంక

*

ప్రియమైన, తిట్టినా ప్రియమైన దెసంకా,

సారా దుకాణంలో నేనన్నది ఒకే ఒక్క మాట: "శనివారం నా మొక్కజొన్న కోత, ఒక్కణ్ణే ఏం చేస్తానో ఏమో." అంతే. ఇంకేముంది! మోబా అంటే మనవాళ్ళకి ప్రాణం కదా. పక్కింటి కోతకి పిలవకుండానే వెళ్ళి సాయం చెయ్యడం, ఆ ఇంటివాళ్ళు కడుపునిండా పెట్టి పంపడం.

శనివారం పొద్దున్నే గేటు దబదబా. తెరిచి చూస్తే వీధి వీధంతా నిలబడి ఉంది, చేతుల్లో బుట్టలు. ముందు వరసలో రాదివోయ్ తాత.

"ఏరా, చేనెక్కడ?" అన్నాడు.

"లోపలుంది తాతా. బూట్లు విప్పి రండి."

"చేలోకి బూట్లు విప్పి ఎవడొస్తాడ్రా!"

"మా ఆవిడ తివాచీ తొక్కుకుంటూ వెళ్ళాల్సిన చేను ఇది. మీకు ప్రాణం మీద ఆశ లేకపోతే అలాగే రండి."

అందరూ బూట్లు విప్పారు. నీ పేరు చెబితే ఇంకా పనవుతోంది ఈ ఊళ్ళో. టీవీ పెట్టాను. స్తానియక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "దేవుడా, వీడు పంట పెట్టెలో పండించాడు!"

వెళ్ళిపొమ్మని నేననలేను. మోబాకొచ్చిన మనిషిని పని చెయ్యనివ్వకుండా, తిండి పెట్టకుండా పంపితే మళ్ళీ ఈ వీధిలో తలెత్తుకోగలమా? వెళ్ళిపోతామని వాళ్ళూ అనలేరు, కోత పూర్తి చెయ్యకుండా పోతే వాళ్ళకి నామోషీ. అందుకని వరసగా సోఫా మీద కూర్చుని, కంట్రోలర్ చేతులు మార్చుకుంటూ కోశారు. స్తానియక్క గొప్పగా కోసింది, పక్కవాళ్ళని మోచేత్తో తోసేసి మరీ.

బతుకంతా ట్రాక్టరు మీదే గడిపిన రాదివోయ్ తాత బండిని తిన్నగా చెరువులోకి తోలాడు. "క్లచ్ ఏదిరా దీనికి? క్లచ్ లేనిది బండా, బొమ్మా?" అని కంట్రోలర్ మీద అరిచాడు.

భోజనాలంటావా? గుడ్లు వేయించాను. తర్వాత... నువ్వు ముందు కూర్చో. మిరపకాయలు కాల్చి, తొక్కలొలిచి నువ్వు పట్టిపెట్టి వెళ్ళిన అయ్‌వార్ సీసాలు తెరిచాను. అన్నీ. రొట్టెలతో సీసాల అడుగులు కూడా తుడిచేశారు.

వెళ్తూ వెళ్తూ అందరూ "మిత్రోవ్‌దాన్‌కి కలుద్దాం" అన్నారు. ఆ పండక్కి మనం ఎవర్నీ పిలవం, అయినా రానివాళ్ళుండరు కదా. స్తానియక్క గుమ్మంలో ఆగింది. "దెసంక ఉంటుందిగా? ఆవిడ చెయ్యి పడని పండగ రొట్టె నేను ముట్టను."

"ఉంటుంది," అన్నాను. తెలిసినట్టే అన్నాను.

ఇంకో కబురు. నా పొలానికి ఎవరో ఆడమనిషి వస్తోంది. ప్లానింక అని పేరు పెట్టుకుంది. మాటా పలుకూ లేదు. నా క్యాబేజీలకి నీళ్ళు పోస్తుంది, నేను మర్చిపోయిన కోళ్ళని గూట్లోకి తోలుతుంది. చీకటి పడగానే బయటికెళ్ళి గేటు వేసి, రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోతుంది. మంచి పనిమంతురాలు. నడుం కూడా బావుంది. అసూయగా ఉందా?

నీ
రైతు వుకాశిన్

*

వుకాశిన్,

నా అయ్‌వార్! రెండు రోజులు పొగలో ఏడుస్తూ కాల్చిన మిరపకాయలు! ఆటలో కోసిన మొక్కజొన్నకి నిజం పచ్చడి పెట్టినవాణ్ణి నిన్నే చూశాను. హెర్మీనే ముసలమ్మకి చెప్తే నవ్వలేక దగ్గొచ్చి, నేను వీపు రుద్దాల్సొచ్చింది.

ఆ ప్లానింక ఎవరో గాని ఒట్టి వెర్రిది. ఊరివాళ్ళ క్యాబేజీలకి నీళ్ళు పోసుకుంటూ కూర్చుంది. చీకటి పడగానే ఎందుకెళ్తుందంటావా? ఎవరికైనా గంజి కాచాలేమో, మందులివ్వాలేమో. నడుం బావుందని నీకెలా తెలిసింది? ఆ ఆటలో అందరి నడుమూ ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు సరిగ్గా విను. వాళ్ళకి ఈ వారంలో జవాబు చెప్పాలి. మన పెళ్ళయిన దగ్గర్నుంచి నేనేం అడిగినా నువ్వు నవ్వించావు. నవ్వాను కూడా. కానీ నవ్వి ఫోన్ పెట్టేశాక ఇక్కడి గది మరీ పెద్దదైపోతుంది. నేనెందుకు రావాలో ఒక్క మాట, వేళాకోళం లేకుండా రాయి. అందులో జోకు కనిపించిందో, చలికాలానికి ఒప్పేసుకుంటా.

దెసంక

*

ప్రియమైన దెసంకా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆవు దూరింది. ఆవుని తోలేసి రాస్తున్నా.

ఆ ప్లానింక నువ్వేనని మొదటి సాయంత్రమే తెలిసింది. గేటు వేసి రెండుసార్లు లాగి చూసే మనిషి నాకు తెలిసి ఈ భూమ్మీద ఒక్కతే. నువ్వు అలా వేసేసి వెళ్ళిపోతావు. నేను ఆ మూసిన గేటు ముందు కూర్చుని ఉంటాను. ఆట కట్టెయ్యను, పొయ్యి ఎగదొయ్యను, టీ చల్లారిపోతుంది. నువ్వెందుకు రావాలంటే, ఆ గేటు నువ్వు లోపలి నుంచి వేస్తే చూడాలని ఉంది. ఒక్క మాటన్నావు, ఇదే ఆ మాట. ఇందులో జోకు లేదు, నేనే రెండుసార్లు వెతికాను.

ఇంతవరకూ రాసి, పోస్టు చెయ్యడానికి సిగ్గేసి జేబులో పెట్టుకు తిరిగాను. నిన్న సాయంత్రం నువ్వొచ్చావు. నీళ్ళు పోశావు, కోళ్ళని తోలావు. చీకటి పడింది. గేటు వేశావు, రెండుసార్లు లాగావు. కానీ నువ్వు లోపలే ఉన్నావు. దూడ పక్కకొచ్చి నిలబడి, చాలాసేపు కదల్లేదు. నేనూ కదల్లేదు. స్తానియక్క ఉప్పు కోసం వచ్చి, "ఏరా, ఆట గెలిచావా, ఏడుస్తున్నావు?" అంది. గెలిచానన్నాను.

వాళ్ళకి ఏం చెప్పావో నాకర్థమైంది. అయినా నువ్వడిగావు కాబట్టి ఈ ఉత్తరం పంపిస్తున్నా. నువ్వు బస్సెక్కే ముందే, ఇందాకటి ఉత్తరాల్లో నేను అల్లినవేవో చెప్పేస్తా. వచ్చాక ఎలాగూ స్తానియక్క చెప్తుంది.

వీధి వీధంతా రాలేదు. స్తానియక్క, వాళ్ళాయన, రాదివోయ్ తాత, అంతే. ట్రాక్టరు చెరువులో పడేసింది తాత కాదు, నేను. క్లచ్ గురించి అరిచింది మాత్రం ఆయనే. సారా దుకాణంలో నోరు జారలేదు, కావాలనే అన్నాను. ఇంట్లో నాలుగు గొంతులు వినపడాలనిపించింది. ఆ నడుం సంగతి కూడా కల్పించిందే. సీసాలన్నీ ఖాళీ అవడం మాత్రం నిజం. కల్పన అయితే బావుండేదని నాకూ ఉంది.

ఇక పెద్దది. నాకు వచ్చింది రెండో బహుమతి కాదు, మొదటిదే. పంది నాదే. రెండో బహుమతి వచ్చిన కుర్రాడి తండ్రికి పందినిచ్చి, ఈ డబ్బా తెచ్చుకున్నాను. వేసవిలో నువ్వు ఫోన్లో చెప్పిన ఆట డబ్బా సంగతి విన్నాను దెసా. నోట్లో పుచ్చకాయ ఉంది గాని, చెవుల్లో లేదు.

కాబట్టి పండక్కి పంది లేదు. క్యాబేజీలు కూడా టీవీలోనే ఉన్నాయి. రొట్టె పిండి కొని పెట్టాను, అది నిజం పిండే.

నీ రాక కోసం గేటు తీసి ఉంచిన,
వుకాశిన్