ఎర్రశాలువ రంగు

గద్వాల, జ్యేష్ఠం, 1946

వనపర్తి ప్రజాసంఘం కార్యదర్శి సీతారాములు గారికి, గద్వాల నేతపని బసవయ్య దండం పెట్టి రాసేది.

అయ్యా, పాలమూరంత నమ్మిన మన సంఘంల ఒక లాఠీదళం పుట్టింది. దళపతి వెంకటన్న. సాయిబు రంగద్దిన నూలు ఎక్కితే మగ్గం ఇరగ్గొడ్తమంటుండు. ముప్పై ఏండ్లసంది నా నూలుకు రంగేసేది మౌలాలి. ఆయన గూడ మన సంఘం మెంబరే గద! జర ఆపుండ్రి.

ఇట్లు,
బసవయ్య

తా.క.: దళపోళ్ల నడుంపట్టీలు మౌలాలి అద్దినయే. చెప్పాల్నా, వద్దా?

వనపర్తి

శ్రీయుత బసవయ్య గారికి నమస్కారములు.

హిందూ ముస్లిం ఐక్యత మన సంఘానికి ప్రాణం. తీర్మానం ప్రతి జతపరిచాను. వెంకటన్నది కేవలం యువకుల ఉత్సాహం. సభలకు జనాన్ని తెచ్చేది వారే. కాస్త సర్దుకోండి.

భవదీయుడు,
సీతారాములు

తా.క.: నడుంపట్టీల సంగతి చెప్పవద్దు. చాలా బాగున్నాయట.

గద్వాల

అయ్యా,

మీ తీర్మానం వెంకటన్నకు సదివి వినిపించిన. చప్పట్లు గొట్టిండు. అటెన్క పోయి మౌలాలి రంగుబానలన్ని పలగ్గొట్టిండు. వాకిలంత ఎర్రగ పారింది. మౌలాలి ఇంటోళ్లు ఊరిడిసి రాయచూరు పోతమంటున్నరు. మీరొచ్చి ఒక్క మాట చెప్తే ఉంటరు. మీ కాళ్లు మొక్కుత, రాండ్రి.

బసవయ్య

తా.క.: రాకుంటే రాకపోయిండ్రు, ఇంకో తీర్మానం మాత్రం పంపకుండ్రి.

వనపర్తి

బసవయ్య గారికి,

మీ ఉత్తరం చూసి కార్యవర్గమంతా బాధపడింది. వెంటనే విచారణ కమిటీ వేశాం. స్థానికంగా పలుకుబడి ఉన్న వెంకటన్న గారే దానికి పెద్ద. గద్వాల శాఖాధ్యక్షునిగా కూడా వారినే ఎన్నుకున్నాం. బాధ్యత మీద పడితే మెత్తబడతారు. వారి సన్మానానికి ఎర్రశాలువ నేయండి.

సీతారాములు

తా.క.: రెండు నేయండి. వేదికమీద నేనూ ఉంటాను.

వనపర్తి, అతి జరూరు

ఏమయ్యా బసవయ్యా,

ఇదేం శాలువ? నేను ఐక్యత గురించి మాట్లాడుతుంటే చెమటకు రంగు కారింది! తెల్ల ఖద్దరు పాడైంది. మూడు రోజులుగా రుద్దుతున్నా మెడమీద మరక పోవడం లేదు. మౌలాలిని అడిగి ఉపాయం రాయి.

సీతారాములు

తా.క.: వెంకటన్న గారి మెడా అంతే. వారికి ఆ రంగు నచ్చింది.

గద్వాల

సీతారాములు గారికి,

మౌలాలి ఊరిడిసి పోయి నెల దాటింది. మీరొస్తరని మూడు దినాలు మోటరు ఆగేకాడ నిలబడ్డడు. ఆఖరికి ఇంటి తాళంచెవి నా చేతుల పెట్టి, ఆలుబిడ్డలతోని పోయిండు. నాకు ఇంట్ల మనిషి పోయినట్టే ఉంది. శాలువల నూలు మీ దళపోళ్లే అద్దిండ్రు. పలగ్గొట్టుడు తప్ప వాళ్లకేం తెల్సు! నా మెంబరు చీటీ దీంట్ల పెట్టిన. మౌలాలిది గూడ.

బసవయ్య

తా.క.: మరక సంగతి మౌలాలికి రాసిన. "పాపం పెద్దమనిషి, చింతపండు పులుసుతోని రుద్దుకోమను" అని జవాబిచ్చిండు. నాకైతే మీకు చెప్పబుద్ధి గాలె.