గాలి మింగిన వెలుగు

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం జరిగింది. సాయంత్రం టెలిస్కోపునూ, వెలుగు కొలిచే మీ ఫోటోమీటరునూ ఒక్కదాన్నే మేడ మీదికి మోసుకెళ్లాను. పక్క చేలో శేషయ్య పత్తి కట్టె తగలబెడుతున్నాడు.

"బాబాయిగారు పోయినా చుక్కల పని మానరా పిన్నిగారూ? వచ్చి సాయం పట్టనా?"

"నా బరువు నేను మోసుకుంటాను గానీ, ముందు ఆ మంట ఆర్పవయ్యా!"

ఆర్పాడు. ఊరి మీద పొగ మాత్రం పలచగా నిలిచిపోయింది. మీరు ఏటా కొలిచే మఘ నక్షత్రం అందులోంచి మసకగా కనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది. మీరు వెళ్లిపోయాక ఈ లోకంలో ఒక్కటైనా తగ్గిందనుకున్నాను.

అయినా మీ పద్ధతి తప్పలేదు. తూర్పున కిందుగా ఉన్నప్పుడు దాని వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. పైకెక్కేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. అందుకే ఎక్కుతున్నంతసేపూ కొలిచి, ఆ తేడాను బట్టి గాలి మింగినదెంతో తేల్చి, తిరిగి కలిపాను.

మీరు చివరిసారి కొలిచినంతే వచ్చింది. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

తెల్లవారేదాకా లెక్కలో నా తప్పు కోసం వెతికానండి. దొరకలేదు.