పరారీలో తుపాకీ, ఠాణాలో సైలెన్సర్

గౌరవనీయులైన పోలీసు సూపరింటెండెంట్ గారి సముఖమునకు, పుదుచ్చేరి.

అయ్యా,

విషయం: చెరకు రసం ఇంజనుకు చెందిన సైలెన్సర్ తుపాకీది కాదని గుర్తించి, శుక్రవారంలోగా విడుదల చేయించుట గురించి.

సేదరపేట్‌లో స్టీలు పొడితో వస్తువులు ముద్రించే త్రీడీ ప్రింటర్ ఆపరేటర్ కె. రంగరాజన్ మనవి చేసుకొనునది. తమరు యానాంలో పనిచేసి వచ్చారని, తెలుగు చదువుతారని తెలిసి ధైర్యం చేశాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు పదకొండుమంది, రాయగలిగేది నేనొక్కడినే.

1. మా మేనత్త అమ్మాయమ్మ కిరుమాంబాక్కంలో రోడ్డు పక్కన పద్నాలుగేళ్లుగా చెరకు రసం అమ్ముచున్నది. ఆమె డీజిల్ ఇంజను మోత మీద పక్క ట్యూషన్ సెంటరువారు ఫిర్యాదు చేయగా, శుక్రవారంలోగా మోత ఆపవలెను లేదా బండి తీయవలెను అని నోటీసు వచ్చినది. ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

2. కావున మా యజమాని అనుమతితో ఒక సైలెన్సర్ ముద్రించితిని. బిగించి పావుగంట నడిపాము. ఇంజను ఆడుతుండగానే నేను మామూలు గొంతుతో "అత్తా" అంటే ఆమె "ఏంది రంగా" అని పలికింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది సార్.

3. బిగింపు వదులుగా ఉండుటచే సరిచేసి తెచ్చుచుండగా, వాహన తనిఖీలో ఎస్సై ఇళవరసన్ గారు సంచి తెరిచి ఇదేమిటని అడిగినారు. "సైలెన్సర్" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే మోటార్‌సైకిలుది అనుకొని పంపేవారు. నా నోరు ఆగలేదు. "తుపాకీ సైలెన్సర్ల డిజైన్ చూసి చేసింది సార్!" అని గొప్పగా చెప్పాను.

4. చెప్పినది నిజమే. పూర్వం తుపాకీ సైలెన్సర్‌కు లోపలి బిళ్లలు లేతు మీద ఒక్కొక్కటిగా తిప్పి, గొట్టంలో పేర్చి, వెల్డింగ్ పెట్టేవారు. ఇప్పుడు విదేశాలలో ప్రింటర్ పొర మీద పొర కరిగించి మొత్తం ఒకే ముక్కగా తీస్తున్నది. లేతు పనిముట్టు చేరలేని వంకర దారులు లోపల పెట్టవచ్చును. వేడి గాలి వాటిలో తిరిగి తిరిగి నీరసించి, వెనక్కు తన్నకుండా బయటికి పోతుంది. ఈ విద్య చెరకు రసానికి పనికిరాదని ఏ చట్టంలోనూ లేదని నమ్ముతున్నాను.

5. ఇదంతా శ్రద్ధగా విన్న పిమ్మట ఎస్సై గారు ఒక్కటే అడిగినారు: "సరే, తుపాకీ యాడ?" (వారు తమిళంలోనే అడిగినారు. నేను మా ఇంటి తెలుగులో రాశాను.) లేదన్నాను. రిపోర్టులో "సైలెన్సర్ ఒకటి స్వాధీనం, తుపాకీ పరారీలో ఉన్నది" అని రాసినారు. కంగారులో సంతకం కూడా పెట్టాను.

6. ఆ సైలెన్సర్ నోట్లో నిమ్మకాయ దూరుతుంది. అంత లావు తుపాకీ ఈ ఊళ్లో ఉంటే అది ఫ్రెంచివారు మరచిపోయిన ఫిరంగి అయి ఉండవలెను. అది మా అత్త దగ్గర లేదు.

కావున తమరు ఈ విన్నపమును, వీలైతే నిమ్మకాయతో సహా, చిత్తగించవలెను.

తమ విధేయుడు, పరారీలో లేనివాడు,
కె. రంగరాజన్

తా.క.: ఇంతా చదివి వినిపిస్తే అత్త "ఇంత ఎందుకురా, నేను చెప్పేది రాయి" అంటున్నది. రాస్తున్నాను: "సారూ, బేస్తారం (గురువారం) లోగా మా సామాను ఇయ్యకపోతే ఇంజన్ని ఆటోలో ఏసుకొని మీ ఆఫీసుకే వస్తా. మీ కిటికీ కిందనే పెట్టి ఆడిస్తా. పావుగంట ఇన్నారంటే ఆ సైలెన్సర్ని మీరే తెచ్చి బిగిస్తారు."