కమల తినవలసిన సుషీ

చిరంజీవి మౌనికను ఆశీర్వదించి వ్రాయునది. ఈ పేజీకి తేదీ, ఊరు వేయలేదు. రోజులు లెక్కించే పని ఈ సాయంత్రం హామిల్టన్ ఆసుపత్రిలో డాక్టరుగారే చేసేశారు. మా ఆవిడ కమలకు ఇక ప్రయాణాలు వద్దట, పచ్చి చేప అసలే వద్దట.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, కాలేజీ అయ్యాక సుషీ రెస్టారెంట్‌లో పనిచేసే నీకు మా జపాన్ పట్టిక తెలుసు. ఈ డైరీలోనే ఉంది. ఏ ఊరు వెళితే ఆ ఊరి సుషీయే తినాలి: ఒసాకాలో పుల్లటి అన్నం, చేప కలిపి పెట్టెలో అదిమినది, నారాలో ఆకులో చుట్టినది, తొయామాలో వెదురాకుల మధ్య పేర్చిన ట్రౌట్ చేప. చేత్తో తినవచ్చునని చెప్పగానే మా ఆవిడ ప్రయాణానికి ఒప్పుకున్నది.

ఇందాక నీవు పళ్లెం తెచ్చావు. "ఆంటీ, ఇందులో ఫిష్ లేదు, కీరా రోల్ అంతే."

కమల ఒక ముక్క వాసన చూసింది. "పులిహోరకు చెల్లెల్లా ఉందే అమ్మాయ్!" అని నవ్వి, తినకుండానే పక్కన పెట్టింది.

నీవు క్రిందికి వెళ్లాక, "మాస్టారూ, ఆ ఊళ్లన్నీ చదవండి, తిన్నట్లే ఉంటుంది" అన్నది. నారా దగ్గర చదివిన వరుసే మళ్లీ చదివాను. "మీరే తడబడితే పిల్లలేం చదువుతారండీ?" అని ఎగతాళి చేసి, గోడ వైపు తిరిగింది.

రేపు నీవు పనికి వెళ్లే ముందు, తొయామా నుండి చివరి వరకు ఆమె ప్రక్కన కూర్చుని చదువు. హొక్కైడో పీతల సుషీ వద్ద తొందరపడకు. ఆమెకు పీతలంటే ప్రాణం. గట్టిగా చదువు, తల్లీ. నేను వంటింట్లో నిలబడి వింటాను.